ఆ వేసవిలో నాకు పోయని అమ్మవారు

గిన్నెను చూసి గుర్తుపట్టాను, మనిషిని చూసి కాదు. అమ్మ పోయి అప్పటికి పదిహేను రోజులైంది. అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, మనవాళ్ళ ఇంట్లో ఇలాంటిది జరిగితే పొయ్యి వెలిగించాల్సిన పని ఉండదు. ఇడ్లీల ట్రేలు, సాంబారు డబ్బాలు, రేకు కప్పిన పులిహోర, ఒకరి తర్వాత ఒకరు తెస్తూనే ఉంటారు, తలుపు గంట మోగుతూనే ఉంటుంది. ఆ మధ్యాహ్నం కూడా ఇంకో ట్రే వచ్చిందనుకుని విసుక్కుంటూనే వెళ్ళి తలుపు తీశాను. గుమ్మంలో ఆరడుగుల పైచిలుకు మనిషి, నెరిసిన గడ్డం, చంకలో టోపీ, రెండు చేతుల మధ్య నీలం రంగు ఎనామెల్ గిన్నె. నీలం మీద తెల్లచుక్కలు, నల్ల అంచు, ఒక చెవి దగ్గర పెచ్చు ఊడి లోపలి ఇనుము కనిపిస్తోంది. ఆ గిన్నెను నేను చివరిసారి చూసింది పదమూడేళ్ళ వయసులో, మా అపార్ట్‌మెంట్ వంటగట్టు మీద. పన్నెండేళ్ళ వయసులో అని కూడా అనొచ్చు. ఏ కాగితం చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ తేడా గురించే.

వచ్చినవాడు బెటో. బేస్‌బాల్ చూసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెప్పాలంటే, రెండుసార్లు దేశం మొత్తానికీ ఛాంపియన్‌గా నిలిచిన జట్టులో బంతి విసిరినవాడు. గెలిచిన జట్టుకి ఇక్కడ ఉంగరాలిస్తారు, వాడికి అలాంటివి రెండున్నాయి. అదంతా తర్వాత. అంతకు చాలా ముందు, మా అపార్ట్‌మెంట్ల వెనక గ్రౌండ్‌లో వాడు విసిరిన బంతులన్నీ పట్టినవాణ్ణి నేను. పిచ్చర్ విసురుతాడు, అవతలి జట్టువాడు బ్యాట్ పట్టుకుని నిలబడతాడు, వాడి వెనక ముఖానికి ఇనప ముసుగేసుకుని గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టేవాడు క్యాచర్. మన వికెట్‌కీపరే అనుకోండి, కాకపోతే మోకాళ్ళు తొందరగా పోతాయి. నేను ఖమ్మంలో నాలుగో తరగతి దాకా చదివి, గల్లీలో టెన్నిస్ బంతికి కీపింగ్ చేసి వచ్చినవాణ్ణి కాబట్టి బంతి మీదికొస్తే కళ్ళు మూసుకునే అలవాటు లేదు. బెటో విసిరే బంతుల్లో ఒకటుండేది, బ్యాట్ దాకా నిటారుగా వచ్చి ఆఖర్న నేలలోకి కూరుకుపోయేది. మట్టి చిమ్ముకుంటూ ఎటు లేస్తుందో తెలియదు. మా జట్టులో దాన్ని ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను, ఎందుకంటే జీవితంలో ఇంకే పనిలోనూ నేను అలా ఒక్కణ్ణే కాలేదు.

బెటో వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉండేవాడు. గ్రౌండ్‌కి అవతలి పక్కన రెండు గదుల పెంకుటిల్లు, ముందు మిరపమొక్కలు. ఆవిడకి స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. మా అమ్మకి అప్పటికి వచ్చిన ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. ఆదివారం పొద్దున అమ్మ నాకు తలకి కొబ్బరినూనె పెట్టేది. మాడు మీద చరిచి చరిచి, చెవుల వెనక కూడా రాసి, అరచేతిలో మిగిలిన నూనెను పారేయడం ఇష్టంలేక నా క్యాచర్ గ్లవ్‌కి పట్టించేది. తోలు మెత్తబడింది, నల్లబడింది, దగ్గర పెట్టుకుంటే కొబ్బరి, మట్టి, చెమట కలిసిన వాసన. ఓ ఆదివారం బెటో తన గ్లవ్ తెచ్చి ముందు పెట్టాడు, దీనిక్కూడా అన్నట్టు. అమ్మ ముందు వాణ్ణి కూర్చోబెట్టి తల పట్టుకుంది. వాడు కళ్ళు మూసుకుని ఆ చరుపులన్నీ భరించాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నాకంటే ముందే వచ్చి పీట మీద కూర్చునేవాడు. మా ఇంటికొచ్చే మనవాళ్ళ పిల్లలందరూ అమ్మను ఆంటీ అనేవాళ్ళు కాబట్టి వాడూ ఆంటీ అనేవాడు. డల్లాస్‌లో చలి ముదిరినప్పుడు సీసాలో నూనె గడ్డకట్టేది, దాన్ని హీటర్ ముందు పెట్టి అది కరిగేదాకా ముగ్గురం కాపలా కూర్చునేవాళ్ళం.

నాన్న ఆదివారాలు వేరు. ఆయన మంచం కింద రెగ్జిన్ సూట్‌కేసు ఒకటి ఉండేది. అందులో మా కుటుంబం మొత్తం కాగితాల రూపంలో ఉండేది. పాస్‌పోర్టులు, డిగ్రీలు, పెళ్ళి సర్టిఫికెట్, టీకాల చీటీలు, ఆఫీస్ ఉత్తరాలు, అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు, అన్నిటికీ మూడేసి కాపీలు. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని తెరిచి ఒక్కొక్కటే తీసి చూసి మళ్ళీ పెట్టేవారు. ఏదో పోతుందని కాదు. గ్రీన్‌కార్డ్ ఫైల్ నడుస్తున్న రోజులు, ఆయనకి అదొక పూజ. లాస్ కొలినాస్‌లో అద్దాల ఆఫీసులో పని. అక్కడ మేనేజర్‌తో ఎలా ఉండేవారో తెలియదు కానీ, పోస్ట్‌బాక్స్ తెరిచేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది. నాకు అప్పట్లో ఆ ఆగడం చూస్తే చిరాకు. ఇప్పుడు తలుచుకుంటే పాపం అనిపిస్తుంది, అంత జాగ్రత్తగా ఉండే మనిషి పొరపాటు చేసిందల్లా నా విషయంలోనే.

ఆ పొరపాటు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. నన్ను బడిలో వేసింది తాతయ్య. పుట్టినతేదీ అడిగిన హెడ్మాస్టరుగారికి ఆయన చెప్పిన జవాబు, ఒక ఏడాది తగ్గించి వేసుకోండి మాస్టారూ, రిటైర్మెంట్‌కి పనికొస్తుంది అని. ఐదేళ్ళ పిల్లవాడి రిటైర్మెంట్ గురించి ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఆలోచించి, నేను ఆషాఢ శుద్ధ దశమి నాడు పుట్టినా, ఆ మరుసటి జూన్‌లో పుట్టినట్టు రాసేశారు. మా క్లాసులో సగంమందిమి జూన్‌లోనే పుట్టాం. పదకొండు నెలలు అలా ఎగిరిపోయాయి. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ అసలు డేట్ ఒకటి, సర్టిఫికెట్ డేట్ ఒకటి ఉండేవి. దాన్ని అబద్ధం అని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి ఉన్నట్టే అదీను. పాస్‌పోర్టులో పడింది బడి తేదీ. గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో తాతయ్య సంతకంతో ఇచ్చిన ప్రమాణపత్రంలోనూ అదే తేదీ. ఇదంతా తెలుగులో రాస్తున్నానని గమనించే ఉంటారు. ఇంగ్లీషులో ఎప్పుడూ రాయలేదు, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆ వేసవిలో పదమూడేళ్ళ లోపు పిల్లల టోర్నమెంట్‌కి మా ఊరి జట్టును ఎంపిక చేశారు. బెటో పిచ్చర్, నేను క్యాచర్. జులై నెలాఖరుకి పదమూడు నిండినవాళ్ళు ఆడకూడదు. తేదీ రాసి సంతకం పెట్టమంటే నాన్న పాస్‌పోర్ట్ చూసి రాసి సంతకం పెట్టారు. ఆయన అబద్ధమాడుతున్నానని అనుకోలేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. కాగితం అడిగింది కాగితం తేదీ, ఆయన అది ఇచ్చారు. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచాం. మధ్యలో ఆషాఢ దశమి వచ్చింది. అమ్మ జట్టు మొత్తాన్ని ఇంటికి పిలిచి, సేమ్యా పాయసం చేసి, కేక్ మీద లెక్కపెట్టి మరీ పదమూడు కొవ్వొత్తులు గుచ్చింది. మా కోచ్ పగలంతా ప్లంబింగ్ పని చేసుకుని సాయంత్రాలు మాకు ఆట నేర్పే మనిషి. ఆయన కొవ్వొత్తులు లెక్కపెట్టి, ఓహో, మీరు కూడా పెరగడానికి ఒకటి ఎక్కువ పెడతారా అన్నాడు. ఇక్కడ కొన్ని ఇళ్ళల్లో ఆ అలవాటు ఉందట. అమ్మకి అర్థం కాక తలూపింది. నేను కూడా ఊపాను. నాన్న మాత్రం ఊపలేదు. పాయసం గిన్నె చేతిలో పట్టుకుని ఆ కొవ్వొత్తుల వైపే చూస్తూ ఉండిపోయారు.

మరుసటి మ్యాచ్ కూడా గెలిచాక కోచ్ తల్లిదండ్రుల్ని పిలిచి చెప్పాడు. శనివారం ఫైనల్, అది గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళ్తాం, ఫైనల్ ఆడే ప్రతి పిల్లవాడికీ పుట్టిన ఊరి రికార్డు కావాలి, తేలేనివాళ్ళుంటే లీగ్ వాళ్ళే ఉత్తరం రాసి తెప్పిస్తారు అని. మిగతావాళ్ళకి అదొక చిన్న పని. మాకు మాత్రం ఖమ్మం ప్రభుత్వాసుపత్రి, మునిసిపాలిటీ రిజిస్టరు, అందులో నా అసలు తేదీ. పాస్‌పోర్టుకి, ఫైల్‌కి, తాతయ్య ప్రమాణానికి ఎదురు నిలబడే కాగితం ప్రపంచంలో అదొక్కటే. ఇంటికొచ్చాక నాన్న చొక్కా కూడా మార్చుకోకుండా సూట్‌కేసు తెరిచి దాని ముందు కూర్చున్నారు. ఆయన ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

నన్ను ఫైనల్ ఆడించకుండా ఉండాలంటే కాలు బెణికిందని చెప్పొచ్చు కదా అని అడిగింది అమ్మ. కాలు బెణికిందంటే కోచ్ ఇంటికొచ్చి చూస్తాడు, అమ్మవారు పోసిందంటే ఎవడూ గడప తొక్కడు, చికెన్ పాక్స్ అని చెబుదాం అన్నారు నాన్న. అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"ఆ తల్లి పేరు పెట్టి అబద్ధమాడొద్దండీ. ఇంకేదన్నా చెప్పండి, నేనేమీ అనను."

"ఒక్క ఆట కోసం ఫైల్ మొత్తం పణం పెట్టమంటావా? ఆ మునిసిపాలిటీ కాగితం బయటికొచ్చిందంటే ముగ్గురం బట్టలు సర్దుకోవడమే."

నేను బతిమాలాను. ఏడ్చాను కూడా. ఒక్క మ్యాచ్ నాన్నా, తర్వాత మానేస్తాను, బెటో బంతి ఇంకెవడూ పట్టలేడు అని. నాన్న నన్ను కోప్పడి ఉంటే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని భుజం మీద చెయ్యి వేశారు. "నాకు తెలుసురా. నన్ను తిట్టుకో. కానీ ఎవరికీ చెప్పకు, బెటోకి కూడా చెప్పకు. నాకు మాటియ్యి" అన్నారు. ఆయన అలా అడగడం అదే మొదటిసారి. ఇచ్చాను. అసలు సంగతేమిటంటే నాకు ఐదేళ్ళప్పుడే ఖమ్మంలో అమ్మవారు పోసింది, నుదుటి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. పోయని వాళ్ళు మా ఇంట్లో ఒక్క నాన్నే.

శనివారం మ్యాచ్ నేను చూడలేదు. కిటికీ తెరలు వేసి ఉన్న గదిలో పడుకుని గ్రౌండ్ వైపు నుంచి వచ్చే అరుపులు విన్నాను. అరుపులు మా జట్టువాళ్ళవో అవతలివాళ్ళవో తెలియడానికి నాకు కళ్ళు అక్కర్లేదు. ఒకసారి పెద్దగా అరిచి, ఒక్కసారిగా ఆగిపోయి, దూరంగా ఇంకో పక్కన అరుపు మొదలైంది. తర్వాత తెలిసింది, ఆఖరి రౌండ్‌లో బెటో ఆ నేలలోకి దిగే బంతి విసిరాడు, బ్యాట్ పట్టినవాడికి అందలేదు, నా బదులు కూర్చున్న పిల్లవాడి కాళ్ళ మధ్య నుంచి బంతి వెనక్కి దొర్లింది, మూడో మూల దగ్గర, ఇక్కడ బేస్ అంటారు, కాచుకుని ఉన్న అవతలివాడు ఈలోగా పరిగెత్తుకొచ్చి పరుగు పూర్తి చేసేశాడు. ఒక్క పరుగుతో ఓడాం. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వాడు రెండో బేస్ దగ్గర ఉండాల్సినవాడు.

సోమవారం మధ్యాహ్నం నాన్న ఆఫీస్‌లో ఉన్నారు, అమ్మ బట్టలు ఉతకడానికి కింద లాండ్రీకి వెళ్ళింది. నాకు గదిలో పిచ్చెక్కింది. గ్లవ్ తీసుకుని వెనక గోడ దగ్గరికి వెళ్ళి బంతిని కొట్టడం, పట్టడం, కొట్టడం, పట్టడం. ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూస్తే కంచె అవతల బెటో, సైకిల్ హ్యాండిల్‌కి సంచి, సంచిలో నీలం గిన్నె. వాడికి ఎప్పుడో పోసిందట, అందుకని అమ్మమ్మ నా కోసం సూప్ చేసి వాణ్ణి పంపింది. మ్యాచ్ పోగొట్టుకుని రెండురోజులు కాలేదు, వాడు నన్ను చూడ్డానికొచ్చాడు. నా ముఖం మీద, చేతుల మీద ఒక్క పొక్కు లేదు. వాడు చాలాసేపు చూశాడు. గిన్నెను కంచె పక్కన జాగ్రత్తగా దించి, మూత సరిచేసి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు. వాడు ఒక్క తిట్టు తిట్టి ఉన్నా ఇన్నేళ్ళూ నాకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

అందులో ఉన్నది కోడి సూపు. ఇంట్లో అమ్మవారు ఉన్నట్టు చెప్పి ఇంట్లోకి కోడి రానివ్వడమా అని అమ్మ వణికిపోయింది. అబద్ధపు అమ్మవారికి కూడా ఆవిడ నియమాలు పాటిస్తోంది. తిరగమోత పెట్టడం లేదు, మాంసం ముట్టడం లేదు. సూపును పక్క వాటావాళ్ళకిచ్చి, గిన్నె కడిగి గట్టు మీద బోర్లించింది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది, మంచినీళ్ళక్కూడా నేను ఆ వైపు వెళ్ళలేదు. తర్వాత కనిపించలేదు. అడగలేదు. మూడు వారాలకి నాన్నకి అమ్మవారు పోసింది. నిజంగా, ఒళ్ళంతా. ఇర్వింగ్‌లో వేపచెట్టు ఎక్కడ దొరుకుతుంది, అమ్మ పార్కింగ్ లాట్ చివర ఉన్న కొండవేప రెమ్మలు విరుచుకొచ్చి గుమ్మానికి కట్టి, ఆయనకి చద్దన్నంలో పెరుగు కలిపి పెడుతూ, కళ్ళకద్దుకుంటూ, చెంపలేసుకుంటూ తిరిగింది. నాన్న గోక్కోకుండా పళ్ళు బిగబట్టి పడుకుని సీలింగ్ వైపు చూసేవారు.

ఆ శీతాకాలం గ్రీన్‌కార్డ్‌లు వచ్చాయి. బెటోను వేరే ఊరి పెద్ద జట్టు తీసుకుంది. బడిలో కారిడార్‌లో ఎదురైతే నేను పక్కకి తప్పుకుని నీళ్ళ కుళాయి మీదికి వంగేవాణ్ణి. వాడికి నేనంటే అసహ్యం అని నిర్ణయించేసుకున్నాను. తర్వాత వాడు పెద్దవాడయ్యాడు, టీవీల్లోకి వచ్చాడు, మొదటి ఉంగరం వచ్చింది. విలేఖరులు ఆటగాళ్ళని ఒకటే అడుగుతారు, మిమ్మల్ని బాగా బాధపెట్టిన ఓటమి ఏది అని. వాడు ప్రతిసారీ నవ్వి, పన్నెండేళ్ళప్పుడు ఒక ఫైనల్, మా క్యాచర్‌కి చికెన్ పాక్స్ వచ్చింది అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. నాకు మాత్రం కంచె అవతల నిలబడి చూసిన ఆ చూపు గుర్తొచ్చి, వీడు ఎన్నేళ్ళయినా వదలడు, లోకమంతా వింటూంటే నన్ను పొడుస్తున్నాడు అనుకునేవాణ్ణి. రిమోట్ తీసుకుని కట్టేసేవాణ్ణి. అమ్మ మళ్ళీ పెట్టించేది. ఆవిడ వాడి మ్యాచ్ ఒక్కటి వదిలేది కాదు. రెండో ఉంగరం వచ్చిన రోజు దేవుడి దగ్గర దీపం పెట్టి మరీ కూర్చుంది. ముసలితనంలో ఇదో పిచ్చి అని నేను వేళాకోళం చేశాను. నీకేం తెలుసురా అన్నట్టు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

ఇప్పుడు మళ్ళీ గుమ్మం దగ్గరికి వస్తాను. బెటో లోపలికి వచ్చి, అమ్మ ఫోటో ముందు తలవంచుకుని కొంచెంసేపు నిలబడి, గిన్నెను డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. మూత తీశాడు. పాలు, బియ్యం, దాల్చినచెక్క, మన పరమాన్నం లాంటిదే. "ఇది తిరిగివ్వడం ఆలస్యమైంది. ఆంటీ నాకిచ్చి మూడు నెలలైంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మూడు నెలలేమిటి, ముప్ఫై అయిదేళ్ళు దాటింది కదా అన్నాను. వాడు నా ముఖం చూసి, కుర్చీ లాక్కుని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

గిన్నె గట్టు మీద నాలుగు రోజులుందన్నానే, ఐదో రోజు అమ్మ దాని నిండా చక్కెర పొంగలి పెట్టుకుని, ఆ ఎండలో గ్రౌండ్ అడ్డంగా దాటి వాళ్ళింటికి వెళ్ళిందట. తెచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వడం మన ఇళ్ళల్లో లేదు కదా. వాకిట్లో నిలబడి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలతో మొత్తం చెప్పేసింది. నా కొడుక్కి చికెన్ పాక్స్ లేదు, వాడికి పదమూడు, పేపర్ వేరే, నేను దేవత పేరు మీద అబద్ధమాడాను, మీ పిల్లవాడి ఆట పాడు చేశాను అని. నాన్న దేనికైతే భయపడి నా చేత మాట తీసుకున్నారో, దాన్ని అమ్మ తీసుకెళ్ళి, భాష కూడా రాని మనిషి చేతిలో పెట్టింది. మధ్యలో నిలబడి ఆ ఇంగ్లీషును స్పానిష్‌లోకి మార్చి చెప్పినవాడు బెటోనే. అమ్మమ్మ పొయ్యి ఆర్పి, లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి తెరిచి చూపించిందట. ఆవిడ కాగితాలు. ఆవిడకీ రెండు పుట్టినరోజులే.

"మా అమ్మమ్మ నా చెవి పట్టుకుంది. కాగితాల సంగతి ఇంకోళ్ళ ఇంటిదైనా మనదే అనుకో, ఎవరడిగినా ఆ పిల్లవాడికి చికెన్ పాక్సే అను అంది. ఆంటీ కూడా అదే అడిగింది."

అప్పట్నుంచీ ఆ గిన్నె తిరుగుతూనే ఉందట. పొంగలి వెళ్తే మిరపకాయల పచ్చడి వచ్చింది, అది వస్తే పులిహోర వెళ్ళింది, వీళ్ళూ ఖాళీగా ఇవ్వరు, వాళ్ళూ ఖాళీగా ఇవ్వరు. మేము సొంత ఇంటికి మారాక అమ్మ గురువారం గురువారం లైబ్రరీకి అని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేది. ఒక్క పుస్తకం చదివిన పాపాన పోలేదని నేను ఎన్నిసార్లు ఏడిపించానో. అమ్మమ్మ పోయాక కూడా, బెటో ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా వాడితో సాగింది. ఈసారి వంతు వాడిది, ఇవ్వడానికి అమ్మ లేదు. నేను టేబుల్ మీద తలపెట్టుకుని ఏడ్చాను, పదిహేను రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

తేరుకున్నాక అడిగాను, మరి నాకెందుకు చెప్పలేదు అని. "నువ్వు చెప్తావని చూశాను. నువ్వేమో నేను కనిపిస్తే చాలు నీళ్ళ కుళాయి దగ్గరికి పరిగెత్తేవాడివి. అన్ని నీళ్ళు తాగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు" అన్నాడు. అసహ్యం అని నేను అనుకున్నదంతా నా మనసులోదే. నన్ను తప్పించుకు తిరిగింది వాడు కాదు, వాణ్ణి తప్పించుకు తిరిగింది నేను. స్నేహం పోయిందని ఇన్నేళ్ళు నాన్నను లోపల్లోపల తిట్టుకున్నాను, పోగొట్టింది నేను. ఇంకొకటి కూడా అడిగాను. నాన్న పోయి ఏళ్ళయింది, మేం సిటిజన్లమై ఎంతో కాలమైంది, ఇంకా ఆ చికెన్ పాక్స్ ఎందుకు చెప్తున్నావు అని.

"ఎప్పుడు ఆపాలో ఆంటీ చెప్పలేదు కదా" అన్నాడు. గిన్నె మీద మూత పెడుతూ, "ఇప్పుడు నువ్వు చెప్పు. ఆపెయ్యనా?"

ఆలోచించుకోవాలి అన్నాను. వచ్చే శనివారం మన గ్రౌండ్‌కి నా పేరు పెడుతున్నారు, నువ్వు రావాలి, అప్పుడు చెప్దువుగాని అని లేచాడు. వెళ్తూ వెళ్తూ నా అసలు వయసెంత అని అడిగి, లెక్కేసుకుని, అయితే నిజంగానే మాతో ఆడకూడని ముసలాడివి అని నవ్వాడు.

ఆ వారమంతా ఆలోచించాను. లాయర్ స్నేహితుడొకణ్ణి అడిగితే, పిల్లల ఆటల లీగ్ వాళ్ళ కాగితం ఎవడు పట్టించుకుంటాడు అని నవ్వి, అయినా మీ నాన్నగారి చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి అన్నాడు. మా రోజుల్లో చింతపండు కోసం గంట డ్రైవ్ చేసి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు ఇంటి నుంచి హైవే ఎక్కేలోగా నాలుగు మన కొట్లు. మా పక్కింటి కుర్రాడు కిరణ్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూతురు ఇక్కడే పుట్టింది, ఆ పిల్ల బర్త్ సర్టిఫికెట్‌లో నిమిషంతో సహా ఉంది. ఇంక ఏ తాతా దాన్ని మార్చలేడు. కానీ మొన్న అతనింటికి వెళ్తే, సోఫా మీద ప్లాస్టిక్ కవర్లు పరుచుకుని కూర్చున్నాడు. వీసా ఎక్స్‌టెన్షన్ అంకుల్, ఏదో క్వెరీ వేశారు అన్నాడు. పక్కన సూట్‌కేసు లేదు, స్కానర్ ఉంది, అంతే తేడా. ఆ కవర్లు సర్దుతున్న చేతులు చూస్తే నాకు నాన్న గుర్తొచ్చారు. ఆయన్ని అన్నేళ్ళు పిరికివాడు అనుకున్నందుకు సిగ్గేసింది.

శనివారం అమ్మ లెక్కలోనే పులిహోర కలిపి, ఆ నీలం గిన్నెలో సర్ది, గ్రౌండ్‌కి పట్టుకెళ్ళాను. పెంకుటిల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు వచ్చాయి, మా కంచె పోయింది, కొండవేప మాత్రం ఇంకా ఉంది. పిల్లలు, తల్లిదండ్రులు, టీవీవాళ్ళు. కిరణ్ కూడా కూతుర్ని భుజాలమీద ఎక్కించుకుని నా పక్కనే నిలబడ్డాడు. పలక మీద తెర లాగారు, చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక కుర్ర విలేఖరి మైకు ముందుకు జరిపి, ఎప్పటి ప్రశ్నే అడిగింది. మిమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టిన ఓటమి ఏది?

బెటో జనంలో వెతికి నన్ను పట్టుకుని, నా వైపే చూస్తూ ఆగాడు. నేను గిన్నెను ఎడమచేతిలోకి మార్చుకున్నాను. కుడిచేత్తో ముందు మెడ, తర్వాత ఎడమ మోచెయ్యి, తర్వాత పొట్ట, అందరూ చూస్తుండగా కసిదీరా గోక్కున్నాను. వాడి గడ్డంలో నవ్వు కదిలింది. మైకు దగ్గరికి వంగాడు.

"మా క్యాచర్‌కి చికెన్ పాక్స్ వచ్చింది" అన్నాడు. "పాపం, ఇంకా పూర్తిగా తగ్గలేదు."